హెచ్ఎక్స్35 మీద ఎస్475: 5.9 కమిన్స్‌కి ఇంట్లో కట్టుకునే ట్విన్ టర్బో, భాగాల వారీగా రివ్యూ

ఈ రివ్యూ 1994 నుంచి 98 దాకా డాడ్జ్ రామ్ 2500, 3500 బళ్ళలో వచ్చిన 12 వాల్వుల 5.9 లీటర్ కమిన్స్ గురించి. పీ7100 ఇంధన పంపు ఉన్న ఇంజిన్. టర్బో అంటే, ఎగ్జాస్ట్ తోసే టర్బైన్ చక్రం అదే షాఫ్టు మీదున్న కంప్రెసర్ చక్రాన్ని తిప్పి ఇంజిన్లోకి గాలిని నొక్కే సాధనం. బండితో వచ్చిన హోల్‌సెట్ హెచ్ఎక్స్35 టర్బోని తీసెయ్యకుండా, దానికి తోడుగా బోర్గ్‌వార్నర్ ఎస్475 పెద్ద టర్బోని కలిపి, పైపులు సొంతంగా వెల్డింగ్ చేసుకుంటే వచ్చే సెటప్ ఇది. అమెరికాలో ఈ జోడీ చాలాకాలంగా నడుస్తోంది. మనవాళ్ళకీ ఈ ఇంజిన్ కొత్తదేం కాదు. 1993లో మొదలైన టాటా కమిన్స్ జంషెడ్‌పూర్‌లో ఈ బీ సిరీస్ ఇంజిన్లనే తయారు చేసింది. టాటా లారీ తోలినవాళ్ళకీ, బాగుచేసినవాళ్ళకీ దీని చప్పుడు చెవిలోనే ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తే, ఎస్475 పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది, హెచ్ఎక్స్35 అంతకన్నా ఎక్కువ చేస్తుంది. కానీ ఈ సెటప్ నిలబడేదీ కూలిపోయేదీ ఈ రెండు టర్బోల వల్ల కాదు. ఆయిల్ వెనక్కి దిగే పైపు, రెండు టర్బోల మధ్య ఎగ్జాస్ట్ మోసే వేడి పైపు, టర్బైన్‌కి అందకుండా కొంత ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే వేస్ట్‌గేట్ సెట్టింగ్, ఈ మూడింటి వల్ల. టర్బో మీద 80 శాతం డబ్బు పోసి, మిగిలిన దాంతో పైపులూ క్లాంపులూ సర్దుకున్న బండ్లే మళ్ళీ మళ్ళీ షెడ్డుకి వస్తాయి.

ట్విన్ టర్బో అన్న మాట దగ్గరే చాలామంది తికమక పడతారు. ఒకే సైజు టర్బోలు రెండు పక్కపక్కన పెట్టి, మూడేసి సిలిండర్లు ఒక్కోదానికి ఇస్తే అది ప్యారలల్. వరస ఆరు సిలిండర్ల డీజిల్‌కి దానివల్ల పెద్ద లాభం లేదు. ఇక్కడ కట్టేది కాంపౌండ్. బయటి గాలిని ముందు పెద్ద టర్బో పీల్చి నొక్కుతుంది. ఆ నొక్కిన గాలిని చిన్న టర్బో మళ్ళీ నొక్కి, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి పంపుతుంది. ఎగ్జాస్ట్ దారి దీనికి తిరగబడి ఉంటుంది. సిలిండర్ల ఎగ్జాస్ట్ అంతా కలిసే మానిఫోల్డ్ నుంచి ముందు చిన్నదానికి, అక్కడి నుంచి పెద్దదానికి, ఆ తర్వాత సైలెన్సర్‌కి.

ఇందులో ఒత్తిళ్ళు కూడవు, గుణించుకుంటాయి. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). పెద్ద టర్బో దాని పైన 20 పీఎస్ఐ బూస్ట్ ఇస్తే మొత్తం 34.7, అంటే నిష్పత్తి 2.36. దాని మీద చిన్న టర్బో కేవలం రెండింతలు చేసినా 69.4 అవుతుంది. గేజీ బయటి గాలి ఒత్తిడిని లెక్కపెట్టదు కాబట్టి దాని మీద 54 దాటి కనిపిస్తుంది. ఒంటరి హెచ్ఎక్స్35 తో ఆ 54 లాగాలంటే అది 4.7 నిష్పత్తిలో పరుగెత్తాలి. దాని షాఫ్టు అంత వేగానికి చేసింది కాదు. కాంపౌండ్‌లో అదే టర్బో రెండు నిష్పత్తి దగ్గర హాయిగా తిరుగుతుంది. పైగా దాని నోట్లోకి వచ్చేది చిక్కటి గాలి. వేడి లెక్క కూడా కలుపుకుని చూస్తే, చిన్నదాని 54 మి.మీ. కంప్రెసర్ నోరే మామూలుకన్నా సుమారు రెండింతల బరువు గాలిని దాటిస్తుంది. అందుకే చిన్న టర్బోని మార్చకుండానే 600 హార్స్‌పవర్ దాటొచ్చు. 650 దగ్గర ఈ జోడీకి దమ్ము అయిపోతుంది.

ఇక ఎస్475 సంగతి. 75 మి.మీ. కంప్రెసర్ అన్నది అన్నిట్లోనూ ఒకటే, తేడా అంతా టర్బైన్ వైపు. లోడు లాగే బండికి 83 మి.మీ. టర్బైన్ చక్రం, 1.10 ఏ/ఆర్ (టర్బైన్ దారి ఎంత వెడల్పో చెప్పే నిష్పత్తి), టీ4 సైజు ఫ్లాంజ్ ఉన్న హౌసింగ్ సరిపోతుంది. త్వరగా మేల్కొంటుంది, ఘాట్ ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి త్వరగా దిగుతుంది. 96 మి.మీ. చక్రం, 1.32 టీ6 హౌసింగ్ ఉన్నది పైన బాగా వదులుతుంది, కానీ 2,000 ఆర్‌పీఎం లోపల బద్ధకంగా ఉంటుంది. రేసుకి తీసుకెళ్ళే బండి కాకపోతే రెండోదాని జోలికి వెళ్ళొద్దు. "ఎలాగూ కడుతున్నాం కదా, ఎస్480 వేసేద్దాం" అనే ఆలోచన హెచ్ఎక్స్35 తో అస్సలు కుదరదు. పెద్దది ఇచ్చే గాలి మింగే సత్తా చిన్నదానికి ఉండదు.

ఎస్400 కుటుంబం టర్బో ఇరవై కిలోలకు అటూఇటూ బరువుంటుంది. అది వేడి పైపు మీద వేలాడకూడదు. కనీసం 8 మి.మీ. ప్లేటుతో ఇంజిన్ బ్లాకుకే బ్రాకెట్ కట్టాలి. ఛాసిస్‌కి కాదు. ఇంజిన్ లాగినప్పుడు పక్కకి ఒరుగుతుంది. ఛాసిస్‌కి కట్టిన టర్బో ఒరగదు. మధ్యలో పైపు చీలుతుంది.

హెచ్ఎక్స్35 పాతది వాడుతుంటే ముందు షాఫ్టు చూడండి. పక్కలకి కాస్త కదలడం మామూలే, ఆయిల్ పొర మీద తేలే బేరింగ్ అది. ముందుకూ వెనక్కూ కదలిక మాత్రం చేతికి తెలియకూడదు. డయల్ గేజీ పెట్టి చూస్తే 0.1 మి.మీ. దాటిందంటే రీబిల్డ్ చేయించాల్సిందే. ఆటోమేటిక్ 24 వాల్వుల బండి మీద వచ్చిన హెచ్‌వై35 ని ఇక్కడ వాడొద్దు. దాని 9 సెం.మీ. హౌసింగ్ (టర్బైన్ దారి వైశాల్యం, చదరపు సెం.మీ.ల్లో) ఈ పనికి ఇరుకు. మామూలుగా ఉండే 12 సెం.మీ. హౌసింగ్ నడుస్తుంది. 14 కానీ 16 కానీ దొరికితే ఇంకా మంచిది. చవగ్గా దొరికే నకిలీ టర్బోలు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. చక్రం బ్యాలెన్స్, థ్రస్ట్ బేరింగ్ నాణ్యత రెండూ కంటికి కనిపించవు కాబట్టి పెద్ద టర్బోగా అయినా, చిన్న టర్బోగా అయినా వాటిని సిఫార్సు చెయ్యలేం. చిన్నది పగిలితే ముక్కలు ఒక పక్క ఇంటర్‌కూలర్లోకి, ఇంకో పక్క పెద్దదాని టర్బైన్లోకి పోతాయి. ఒక దెబ్బకి రెండూ పోయినట్టే.

వేస్ట్‌గేట్ దగ్గర హెచ్ఎక్స్35 మంచి మార్కులు కొట్టేస్తుంది. దాని గేటు లోపలే ఉంటుంది, వదిలిన ఎగ్జాస్ట్ దాని సొంత అవుట్‌లెట్‌లోకే వస్తుంది. కాంపౌండ్‌లో ఆ అవుట్‌లెట్ నేరుగా పెద్ద టర్బైన్‌కి వెళ్తుంది కాబట్టి, చిన్నది వద్దన్న శక్తి వృథా కాకుండా పెద్దదాన్ని తిప్పుతుంది. వేరే గేటు కొనాల్సిన పని లేకుండా ఇది దొరకడం ఈ జోడీకి పెద్ద లాభం. సమస్య ఒక్కటే. గేటుని తెరిచే యాక్చుయేటర్ చూసేది ఇన్‌టేక్ ఒత్తిడిని. కంపెనీ సెట్టింగ్‌లో అది 20కి అటూఇటూ తెరుచుకుంటుంది. అలాగే వదిలేస్తే పెద్దది సరిగా మేల్కోకముందే గేటు బార్లా తెరుచుకుని బండి చచ్చిపోయినట్టు ఉంటుంది. యాక్చుయేటర్‌కి వెళ్ళే గాలి గొట్టంలో బూస్ట్ కంట్రోలర్ పెట్టి, మొత్తం బూస్ట్ 35 దగ్గర తెరుచుకోవడం మొదలయ్యేలా సర్దుకోవాలి. తర్వాత గేజీలు చూసుకుంటూ కాస్త కాస్త మార్చుకోండి. గేటు పూర్తిగా మూసేసి వెల్డ్ చేసెయ్యడం మాత్రం ఘోరమైన పొరపాటు. చిన్నది అదుపు తప్పి పరుగెత్తుతుంది, మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఇంటర్‌కూలర్ ఒత్తిడికి రెండింతలవుతుంది. పెద్ద ఇంజెక్టర్లు వేసి లోపలి గేటు చాలకపోతే, 44 లేదా 46 మి.మీ. బయటి గేటు మానిఫోల్డ్ మీద వెయ్యాలి. టీ3 ఫ్లాంజ్ రెండు గదులుగా ఉంటుంది కాబట్టి ఆ గేటు రెండు గదుల్లోంచీ తీసుకోవాలి. దాని పొగ బయటికి కాకుండా వేడి పైపులోకే కలపాలి.

ఎక్కువ బళ్ళు దెబ్బతినేది వేడి పైపు దగ్గరే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. హెచ్ఎక్స్35 అవుట్‌లెట్ నుంచి ఎస్475 టర్బైన్ ఫ్లాంజ్ దాకా 3 అంగుళాల 304 స్టెయిన్‌లెస్ పైపు అనుకోండి. పొడవు 60 సెం.మీ. లోడు మీద అది 600 డిగ్రీలు పైకి వేడెక్కితే 6 మి.మీ. పైగా సాగుతుంది. రెండు చివర్లూ బిగించి ఉన్న పైపు 6 మి.మీ. సాగడానికి చోటెక్కడ? వెల్డింగ్ పక్కనే, జాయింటుకి నాలుగైదు మి.మీ. దూరంలో వెంట్రుకంత గీత పడుతుంది. ముందు నల్లటి మసి చార కనిపిస్తుంది, తర్వాత టిక్ టిక్ మని చప్పుడు, తర్వాత బూస్ట్ రెండు మూడు పీఎస్ఐ తగ్గుతుంది. చూసినవాళ్ళు టర్బో పోయిందనుకుంటారు. దీనికి మందు ఒక్కటే, పైపు మధ్యలో లోపల లైనర్ ఉన్న, ముడతలుగా సాగే స్టెయిన్‌లెస్ బెల్లోస్. లైనర్ లేని బెల్లోస్ ముడతల్ని ఎగ్జాస్ట్ వేగం త్వరగానే చింపేస్తుంది. దీని మీద డబ్బు ఆదా చెయ్యొద్దు.

ఆ పైపు టిగ్ (ఆర్గాన్ వెల్డింగ్)తోనే వెల్డ్ చెయ్యాలి, లోపల ఆర్గాన్ నింపి. లోపల ఆర్గాన్ లేకుండా చేసిన స్టెయిన్‌లెస్ వెల్డింగ్ వెనకవైపు పంచదార పలుకుల్లా గరుకుగా కడుతుంది. ఆ పలుకులు ఊడి నేరుగా పెద్ద టర్బైన్ రెక్కలకే తగులుతాయి. మామూలు ఇనుప పైపు వాడినా అంతే, తుప్పు పొరలు ఊడి పోతుంటాయి. కొలతలు తీసి ఒక్కసారే వెల్డ్ చెయ్యకండి. టర్బోలు రెండూ బోల్టులతో బిగించి, టాక్ (చుక్క వెల్డింగ్) వేసి, ఒకసారి విప్పి, పూర్తి వెల్డింగ్ చేసి, మళ్ళీ బిగించినప్పుడు ఫ్లాంజ్ రెండు వైపులా చేత్తో కూర్చోవాలి. స్పానరుతో లాక్కుంటే ఆ లాగుడంతా చల్లగా ఉన్నప్పుడే పైపు మీద ఉన్నట్టు. బండితో వచ్చిన మానిఫోల్డ్ కూడా ఎన్నో వేడి చక్రాల తర్వాత కుంచించుకుపోయి, చివరి సిలిండర్ల దగ్గర దాని బోల్టు చెవులు విరుగుతాయి. మూడు ముక్కల మానిఫోల్డ్ ముందే వేసుకుంటే మళ్ళీ ఇదంతా విప్పే పని తప్పుతుంది.

నొక్కిన గాలి పోయే పైపుకి చల్ల పైపు అని పేరే కానీ అది చల్లగా ఏం ఉండదు. 27 డిగ్రీల గాలిని 75 శాతం సామర్థ్యంతో 2.36 నిష్పత్తికి నొక్కితే ఎస్475 నుంచి దాదాపు 138 డిగ్రీలతో బయటికొస్తుంది. దాన్ని చిన్నది మళ్ళీ రెండింతలు చేస్తే ఇంటర్‌కూలర్ నోటి దగ్గర 260 డిగ్రీలు. మామూలు సిలికాన్ హోసులు 180 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. అందుకే రెండు టర్బోల మధ్య మామూలు సిలికాన్ సరిపోతుంది, చిన్న టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా మాత్రం అరామిడ్ పోగులు వేసిన హోసులే వాడాలి. ఎండలో ట్రైలర్ లాగుతూ ఫట్‌మని హోసు ఊడిపోయే బళ్ళలో చాలావరకు తప్పు ఇదే. పైపు చివర బీడ్ (ఉబ్బెత్తు అంచు) తిప్పించండి, టీ-బోల్ట్ క్లాంపులు వాడండి. బీడ్ లేని నున్నటి పైపు 50 పీఎస్ఐ దగ్గర ఎంత బిగించినా జారిపోతుంది. హోసులో నూనె తడి ఉంటే ఇంకా సులువుగా జారుతుంది, బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి.

ఆయిల్ దగ్గర పొరపాటు జరిగితే చాలామంది కొత్త టర్బోనే తిడతారు. లోపలికి వెళ్ళే గొట్టం మైనస్ 4 సైజు (పావు అంగుళం) చాలు, ఫిల్టర్ హౌసింగ్ దగ్గరి రంధ్రం నుంచి తీసుకోవచ్చు. ఇవి జర్నల్ బేరింగ్ టర్బోలు కాబట్టి ఆయిల్‌కి రెస్ట్రిక్టర్ అక్కర్లేదు. అసలు పని తిరిగి దిగే గొట్టంలో ఉంది. టర్బో లోపల ఒత్తిడి ఉన్న ఆయిల్ నురగగా మారి, తన బరువుకే కిందకి జారాలి. ఎస్475 కి కనీసం మైనస్ 12 సైజు (ముప్పావు అంగుళం) గొట్టం, ఎక్కడా పైకి లేవకుండా, బల్లపరుపుగా సాగకుండా దిగాలి. సెంటర్ హౌసింగ్ డ్రెయిన్ నిలువుకి 20 డిగ్రీల లోపే ఉండాలి. రెండు టర్బోల డ్రెయిన్లూ ఒక టీ వేసి బ్లాకులో ఉన్న ఒక్క రంధ్రానికి కలపడం ఇంట్లో సొంతంగా కట్టుకునేవాళ్ళు చేసే మొదటి తప్పు. పెద్దదానికి వేరే దారి ఉండాలి. ఆయిల్ పాన్ పక్క గోడకి, ఆయిల్ మట్టానికి పైన బంగ్ (గొట్టం బిగించే మరల బొడిపె) వెల్డ్ చేసి అక్కడ కలపండి. మట్టం కింద కలిపితే ఆయిల్ వెనక్కి నిలిచి, సీళ్ళు దాటి టర్బైన్‌లోకి కారుతుంది. ఐడిల్‌లో తెల్లని నీలి పొగ వస్తుంది. సీళ్ళు మార్చినా పోదు, ఎందుకంటే తప్పు సీళ్ళది కాదు. ఇంజిన్ పాతదై క్రాంక్‌కేస్‌లో బ్లో-బై (రింగులు దాటి దిగే గ్యాసు) ఎక్కువ ఉన్నా ఇదే జరుగుతుంది. బ్రీదర్ పెద్దది చెయ్యండి, లేదా ముందు రింగుల పని చూసుకోండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పంపు షట్-ఆఫ్ సోలినాయిడ్ వైరు తీసేసి, ఆయిల్ గేజీ లేచేదాకా క్రాంక్ తిప్పాలి.

ఇంజిన్ వైపు రెండు మూడు పనులు తప్పవు. టైమింగ్ కేసు లోపలి స్టీలు డోవెల్ పిన్ ఊడి గేర్లలో పడే గుణం ఈ ఇంజిన్లకి ఉంది. ముందు కవర్ తీసి ఆ పిన్ ఊడకుండా పట్టే ట్యాబ్ బిగించకుండా టర్బోల మీద డబ్బు పెట్టొద్దు. 50 పీఎస్ఐ దాటబోతున్నారంటే హెడ్డుకి ఉన్న 26 బోల్టులూ మార్చి ఏఆర్‌పీ స్టడ్స్ వెయ్యాలి. ఏఆర్‌పీ కంపెనీ ఇచ్చిన లూబ్ రాసి మూడు విడతల్లో 125 అడుగు-పౌండ్ల దాకా బిగించాలి. ఇంజిన్ వేడెక్కి చల్లారాక మళ్ళీ ఒకసారి చూడాలి. రాకర్ స్టాండుల్ని పట్టుకునేవి కూడా ఆ బోల్టులే కాబట్టి వాల్వ్ క్లియరెన్స్ మళ్ళీ పెట్టాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.010, ఎగ్జాస్ట్ 0.020 అంగుళం. ఎగ్జాస్ట్ వాల్వ్ వెనక ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 60 పౌండ్ల స్ప్రింగులు కూడా అప్పుడే వేసెయ్యండి. పాత స్ప్రింగులతో వాల్వ్ సరిగా మూసుకోదు, పైన ఆర్‌పీఎంలో బండి గింజుకుంటుంది. అది ఇంధనం సమస్యేమో అనుకుని పంపు విప్పేవాళ్ళున్నారు.

గేజీలు మూడు ఉండాలి, నాలుగోది ఎగ్జాస్ట్ వేడికి. పెద్దదీ చిన్నదీ మధ్య ఒత్తిడి ఒకటి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఒకటి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో డ్రైవ్ ప్రెషర్ ఒకటి. డ్రైవ్ ప్రెషర్ గేజీకి నేరుగా ప్లాస్టిక్ గొట్టం పెడితే కరిగిపోతుంది. ముందు రెండడుగులు రాగి గొట్టం చుట్టలా తిప్పి, తర్వాత నైలాన్ గొట్టం కలపాలి. ఫుల్ లోడు మీద మధ్యలో 20 నుంచి 25, మొత్తం 50 నుంచి 60 ఉంటే సెటప్ కుదిరినట్టే. మధ్యలో 10 దాటక, మొత్తం 40 కనిపిస్తుంటే పనంతా చిన్నదే చేస్తోంది, గేటు ఆలస్యంగా తెరుచుకుంటోంది. మధ్యలో 25 ఉండి మొత్తం 35 దగ్గర ఆగితే గేటు ముందే తెరుచుకుంటోంది, లేదా ఇంటర్‌కూలర్ వైపు హోసు లీకవుతోంది. డ్రైవ్ ప్రెషర్ మొత్తం బూస్ట్‌తో సమానంగా, మహా అయితే ఒకటింబావు రెట్లు ఉండాలి. ఒకటిన్నర దాటితే ఇంధనం ఇంకా పెంచడం ఆపి గేటూ హౌసింగూ చూడాలి. ఎగ్జాస్ట్ వేడి టర్బోకి ముందు కొలవాలి. లోడు మీద కొనసాగించి 1,250 ఫారన్‌హీట్, అంటే 675 సెల్సియస్ దాటనివ్వొద్దు. పిస్టన్లు అల్యూమినియం.

రోడ్డెక్కే ముందు ఎస్475 నోటికి మూత బిగించి, రెగ్యులేటర్‌తో 20 పీఎస్ఐ గాలి పట్టి సబ్బు నీళ్ళు కొట్టండి. మూతకి పట్టీ కట్టండి, ఎదురుగా నిలబడొద్దు. ఊడితే తూటాలా వస్తుంది.

రెడీమేడ్ కిట్ కొనాలా అంటే, టిగ్ వెల్డింగ్ చేతిలో లేనివాళ్ళు కొనడమే నయం. కొన్ని వేల డాలర్లు అవుతుంది కానీ బెల్లోస్, బ్రాకెట్, డ్రెయిన్ అన్నీ కొలతకి వస్తాయి. వెల్డింగ్ వచ్చినవాళ్ళకి ఇంటి సెటప్ సగానికే తేలుతుంది. బండిలో 47ఆర్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే మాత్రం ఆ మిగిలిన సగం దాచిపెట్టుకోండి. కంపెనీ టార్క్ కన్వర్టర్, క్లచ్‌లు ఈ టార్కుకి నిలబడవు. ఎన్‌వీ4500 మాన్యువల్ అయితే పెద్ద క్లచ్‌తో పాటు ఐదో గేరు నట్టు వదులయ్యే జబ్బుకి కూడా ముందే మందు వెయ్యాలి.

ఇండియాలో ఇదే ఇంజిన్ 6బీటీ పేరుతో దొరుకుతుంది కదా, లారీకో పాత జీపుకో వేసేద్దాం అనుకునేవాళ్ళు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదువుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం అక్కడ కుదరదు. రోడ్డెక్కని స్థిర ఇంజిన్‌కీ, ట్రాక్టర్ పోటీ బండికీ ఆలోచించొచ్చు. అమెరికాలోనూ ఎమిషన్ నిబంధనలున్నాయి. కాలిఫోర్నియాలో అనుమతి నంబరు లేని టర్బో భాగాలు రోడ్డు బండికి వెయ్యడాన్ని చట్టం ఒప్పుకోదు.

కట్టాక మొదటి 500 మైళ్ళ తర్వాత బండి పూర్తిగా చల్లారనిచ్చి, టీ3 ఫ్లాంజ్ నట్లు, వీ-బ్యాండ్లు, బ్రాకెట్ బోల్టులు వరుసగా బిగించండి. ఒక్కటైనా కదులుతుంది. ఎస్475 డ్రెయిన్ గొట్టం కింద తెల్ల కాగితం పరిచి ఒక రాత్రి వదిలెయ్యండి, పొద్దున చూస్తే చుక్క పడిందో లేదో తెలుస్తుంది.